పుర్రచేతి తుపాకీ

నర్సింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేసి చెక్కపని డిప్లొమాలో చేరిన ఘనత ఆస్ట్రేలియాలో పెర్త్ శివారు కానింగ్ వేల్ తెలుగువాళ్ళలో ఒక్క క్లారాకే దక్కింది. చర్చిలో ఆంటీలకి ఆ వార్త మూడు ఆదివారాలు సరిపోయింది. తండ్రి ఎలియాజర్ నెల్లాళ్ళు కూతురితో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున మాత్రం ఒక్కటే మాట్లాడాడు.

“వన్ ఇయర్ టైమిత్తన్నాను. ఫైనల్ ప్రాజెక్ట్ పాసయ్యావా, నీ ఇష్టం. ఫెయిలయ్యావో, నోరెత్తకుండా మళ్ళీ నర్సింగ్‌కి ఎల్లాలి. మాటియ్యి.”

“ఇచ్చాను డాడీ,” అంది క్లారా.

అంత పందెం కాసిన పిల్ల బుద్ధిగా ఓ బల్లో కుర్చీయో చేసుకోవచ్చు కదా. గొట్టం మూతిలోంచి మందు కూరి కాల్చే పాతకాలపు రైఫిల్‌కి చెక్కభాగం మొత్తం తానే చేస్తానంది. అది కూడా తన ఒంటి కొలతలకి. “మొదటిసారి చేసేవాళ్ళకి అది వద్దు” అన్నాడు కాలేజీలో మేష్టారు. వద్దన్న మాట చెవిన పడ్డాక క్లారాని ఆపడం ఎవరి తరం?

ఆ పని తెలిసిన మనిషి దగ్గర్లోనే ఉన్నాడు. జనార్దనరావు నలభై ఏళ్ళ కిందట గనుల ఇంజనీరుగా పెర్త్ వచ్చాడు. రిటైరయ్యాక ఫ్యాక్టరీల వీధిలో ఓ షెడ్డు తీసుకుని, లైసెన్సు మీద ఇలాంటి తుపాకులు తయారుచేస్తున్నాడు. ఇనుప సామాను ఆయనది, చెక్క క్లారాది. పనంతా ఆయన కళ్ళెదుటే జరగాలి, ఏదీ షెడ్డు గడప దాటకూడదు. ఆ షరతు మీద ఒప్పుకున్నాడు.

మొదటిరోజు ఆమె చేతికి చీపురుకర్ర ఇచ్చాడు. “ఇదే తుపాకీ అనుకుని భుజానికెత్తమ్మా. కొలతలు తీసుకోవాలి.”

క్లారా కర్రని కుడిభుజానికి ఎత్తిపట్టుకుంది. ఆయన భుజం నుంచి వేలిదాకా, చెంప నుంచి కంటిదాకా టేపు పెట్టి చూసి, అంకెలన్నీ గోడ మీద సుద్దతో రాశాడు.

తర్వాత నాలుగు నెలలు వాల్‌నట్ దిమ్మతో కుస్తీ. గొట్టం చెక్కలో ఒదగాలంటే దానికి మసి పూసి, చెక్కలో నొక్కి పైకి తియ్యాలి. ఎక్కడ నల్లగా అంటుకుందో అక్కడ చెక్క ఎక్కువున్నట్టు. ఆ కాస్తా గీకి, మళ్ళీ మసి పూసి, మళ్ళీ నొక్కాలి. మసికి బదులు రావుగారు ఇంట్లోంచి కాటుక డబ్బాలు ఎత్తుకొచ్చేవాడు. “మీ ఆంటీకి డౌటొచ్చింది, ఈ కాటుకంతా ఎవరికి పెడుతున్నానా అని,” అని నవ్వేవాడు. క్లారా వేళ్ళకి ఎప్పుడూ రెండు మూడు కట్లుండేవి. ఓ వారమంతా గీకితే గొట్టం బియ్యపు గింజంత కిందికి దిగేది. అయినా ఆమెకి ఒక్కరోజు కూడా విసుగు పుట్టలేదు.

పరీక్ష మూడు వారాలుందనగా పని పూర్తయింది. నూనె పట్టించిన చెక్క మీద చారలు తేనెరంగులో తేలాయి. జనార్దనరావు మురిసిపోయి, టీ పెట్టుకొస్తానని వెనకగదిలోకి వెళ్ళాడు. షెడ్డులో ఎవరూ లేరు. క్లారా ఆశగా రైఫిల్ ఎత్తింది.

అది నేరుగా ఎడమభుజానికి వెళ్ళి కూర్చుంది.

కూర్చుందే గాని కుదరలేదు. చెంప ఆనాల్సిన ఉబ్బు అవతలివైపుంది. మందుని పేల్చే సుత్తి ఉన్న లాక్ సరిగ్గా ఆమె కంటి పక్కకొచ్చింది.

ఆమెది పుట్టుకతోనే పుర్రచేతి వాటం. నరసాపురంలో ఉన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద కలిపితే తల్లి మరియరాణి గరిటె తిరగేసేది. “ఛీ, ఆ చెయ్యేంటే!” ఆ ఛీత్కారం భరించలేక పిల్ల ఓ ఉపాయం నేర్చుకుంది. పెద్దవాళ్ళు చూస్తుంటే కుడిచెయ్యి, చూడకపోతే ఎడమచెయ్యి. పెర్త్ వచ్చి పన్నెండేళ్ళయినా ఆ అలవాటు వదల్లేదు. ఉలి పట్టినా అంతే, రావుగారు పక్కనుంటే కుడి, టీకి వెళితే ఎడమ. ఆరోజు పెద్దాయన ఎదురుగా కర్ర ఎత్తమంటే కూడా, అడక్కముందే కుడిభుజం ముందుకొచ్చేసింది. నాలుగు నెలలు కష్టపడి, లేని మనిషికి తుపాకీ చేసిపెట్టింది.

జనార్దనరావు టీ కప్పులతో వచ్చేసరికి ఆమె ముఖం కందగడ్డలా ఉంది.

“అంకుల్, నేను లెఫ్టీని.”

“అదేంటమ్మా! మొదటిరోజే చెప్పొద్దూ?”

“మీరు చూస్తున్నారుగా అంకుల్. ఎవరైనా చూస్తుంటే నేను లెఫ్టీని కాను.”

ఆయన గోడ మీది అంకెల వంక చూసి నిట్టూర్చాడు. “అయిందేదో అయింది. ఫస్ట్ క్లాస్‌గా ఉంది, సబ్మిట్ చేసెయ్. నువ్వు ఏ చేత్తో ఎత్తుతావో వాళ్ళకేం తెలుసు?”

“నాకు తెలుసు కదా.”

“ఉన్నది మూడు వారాలు. ఎడమవైపు లాక్ నా దగ్గర లేదు. కుదరదు తల్లీ.”

“లాక్ మీ తుపాకుల క్లబ్‌లో ఎవరినైనా అడుగుదాం. కుదరదని మాత్రం అనకండి అంకుల్, ప్లీజ్.”

ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. రావుగారి మీద కాదు, అమ్మ మీద కూడా అంత కాదు. ఎవరూ అడక్కుండానే లొంగిపోయే తన కుడిభుజం మీద.

లాక్ దొరికింది. క్లారా కొత్త దిమ్మ ముందు నిలబడి, రావుగారు చూస్తుండగానే ఉలి ఎడమచేత్తో పట్టుకుంది. రెండ్రోజులు ఆయన చూపు పడినప్పుడల్లా ఉలి కుడిచేతిలోకి మారబోయేది. మూడోరోజు నుంచి మారలేదు. తన చేతివాటం పని కాబట్టి, వారం పట్టే గీకుడు ఈసారి ఒక్కరోజులో తెమిలింది.

తుపాకీ బయటికి రాకూడదు కాబట్టి పరీక్ష చేసే హెలెనా మేడమే షెడ్డుకి వచ్చింది. ఎలియాజర్ కూడా సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల మీద రెండు రైఫిళ్ళున్నాయి. మెరుస్తున్నదాన్ని జనార్దనరావు కావాలనే ముందుకి జరిపాడు.

ఎలియాజర్ దాన్ని వేలితో నిమిరాడు. “ఇది నువ్వే చేశావా అమ్మా? పడవలు చేసేవాడు మా నాన్న... అచ్చం ఆయన చెయ్యే.”

తండ్రి నోట అలాంటి మాట కోసం క్లారా ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూసింది. అవునని తలూపితే చాలు, అటు పాసూ ఇటు నాన్నా రెండూ దక్కుతాయి. ఆమెకి ఏడుపొచ్చింది. అయినా ఆ రైఫిల్‌ని పక్కకి జరిపి, రెండోదాన్ని ముందు పెట్టింది. దానికి నూనె లేదు, ఆకురాయి గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

హెలెనా ఎత్తి చూపించమంది. క్లారా ఎడమభుజానికి ఎత్తింది. చెంప చెక్క మీద ఆనింది. హెలెనా అటూ ఇటూ తిరిగి, కొలిచి, చివరికి ఇంగ్లీషులో చెప్పింది. కొలతల్లో వంక పెట్టడానికి లేదు, కానీ పని పూర్తికాలేదు. పాసుకి వందలో యాభై రావాలి, నలభై ఆరు దగ్గర ఆగింది. కావాలంటే ఫిబ్రవరిలో మళ్ళీ చూపించవచ్చు.

“ఆ మంచిది పెడితే పాసయిపోదువు కదే!” అని ఎలియాజర్ అరిచాడు. “ఏంటే ఈ పంతం?”

“అది నాది కాదు డాడీ. మీరు చూస్తుంటే ఉండే క్లారాది.”

“నాకవన్నీ తెలవదు. మాటిచ్చావ్. మండే నుంచి నర్సింగ్.”

“ఇచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను.”

హెలెనా ఫిబ్రవరి ఫారమ్ బల్ల మీద పెట్టింది. క్లారా పెన్ను ఎడమచేతిలోకి తీసుకుంది. “ఆ చెయ్యేంటి?” అన్నాడు ఎలియాజర్, కోపం కూడా మరిచిపోయి. ఆమె తలెత్తలేదు. తండ్రి చూస్తుండగా తన పేరు మెల్లగా రాసింది. అక్షరాలు ఒకటో తరగతి పిల్ల రాసినట్టు వంకరగా వచ్చాయి.

హెలెనా, క్లారా కోర్సులో చేరినప్పటి పాత ఫారమ్ తీసి పక్కన పెట్టి చూసింది. ఈ సంతకం ఆ సంతకంతో కలవడం లేదంది.

“పాతది కొట్టెయ్యండి,” అంది క్లారా.