పదేళ్ళ తర్వాతి జాకెట్టు

ఫస్ట్ షిఫ్టుకి భర్త రాజాబాబునీ, కోచింగుకి కూతురు అమ్మునీ పంపేశాక అరుణకుమారికి గంటసేపు తీరిక దొరుకుతుంది. ఆ గంటలో ఆమె రాబోయే సంగతులు చక్కబెట్టుకుంటుంది. అమ్ము ఇంకా పదో క్లాసులో ఉండగానే హాస్టలుకని ట్రంకుపెట్టె కొనేసింది. వానలు ఇంకా రెండు నెలలున్నాయనగా గొడుగులు బాగుచేయిస్తుంది. క్వార్టర్ల లైన్లో ఎవరికి ఏం కావలసివచ్చినా అరుణ ఇంట్లో ముందే కొని ఉంటుందని అందరికీ తెలుసు.

ఆ రోజు పొద్దున్న ఆమె పట్టుచీరతో వచ్చిన జాకెట్టు గుడ్డ సంచిలో పెట్టుకుని బట్టలు కుట్టే జోగమ్మ ఇంటికి బయల్దేరింది. రాజాబాబు స్టీలు ప్లాంటులోని ప్లేట్ మిల్లులో క్రేను నడుపుతాడు. ఇంకో పదేళ్ళకి రిటైరవుతాడు. ఆ రోజు డిపార్టుమెంటు వాళ్ళు భార్యని కూడా స్టేజీ మీదికి పిలిచి దండ వేస్తారు. చీర ఆ రోజు కోసమే.

అంత ముందుగా ఎందుకంటే, జోగమ్మ కుట్టే బట్టలు పదేళ్ళ తర్వాత గానీ సరిపోవు. ఆమె టేపు ఇప్పటి ఒంటిని కొలవదు, పదేళ్ళ తర్వాతి ఒంటిని కొలుస్తుంది. ప్లాంటు పక్కన తెలుగువాళ్ళుండే ఈ రుఆబాంధా బస్తీలో ఇది కొత్త సంగతేం కాదు. పిల్లలు ఎంత పొడుగవుతారో చూసుకుందామని తల్లులు లాగూలు కుట్టించుకుంటారు. చరోదా రైల్వే కాలనీ ఆయనొకడు కాబోయే అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చి చొక్కా కుట్టించి, ఆ పొట్ట చూసి సంబంధం మానుకున్నాడు. డెబ్బై దాటినవాళ్ళకి మాత్రం జోగమ్మ కొలతలు తియ్యదు. ఎందుకని ఎవరూ అడగరు.

"చేతులు ఎత్తవే," అంది జోగమ్మ, వరండాలో మిషను పక్కన నిలబడి.

అరుణ చేతులెత్తింది. జోగమ్మ వీపు వెనక నుంచి టేపు తెచ్చి ఛాతీ మీద కలపబోయింది. టేపు ఆగలేదు. పొగలోంచి దారం లాగినట్టు అరుణ ఒంట్లోంచి అటు నుంచి ఇటు వచ్చేసి, జోగమ్మ వేళ్ళకి వేలాడింది.

ఇద్దరూ దాని వంక చూశారు.

"జారినట్టుంది, మళ్ళీ చూడు పిన్నీ."

జోగమ్మ మళ్ళీ చుట్టింది. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. గుడ్డ మడతపెట్టి అరుణ చేతిలో పెట్టేసింది.

"పట్టుకెళ్ళీవే. నేను కుట్టలేను."

అరుణ స్టూలు మీద కూలబడింది. రిటైర్మెంటు రోజు స్టేజీ మీద రాజాబాబు పక్కన తను ఉండదన్నమాట. మరి ఇల్లు? అమ్ము? ముప్పై రకాల పనులు గుర్తొచ్చాయి.

"ఒంట్లో ఎలగుందే నీకు?" జోగమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. "నాకు నిజం చెప్పు."

అరుణ చెప్పింది. "ఎడమవైపు గడ్డ ఉంది పిన్నీ. ముందు శనగగింజంత ఉండేది. ఇప్పుడు ఉసిరికాయంతయింది."

"ఎన్నాళ్ళయింది?"

"దీపావళి ముందు చూసేను."

"హోలీ కూడా వెళ్ళిపోయింది కదే! మీ ఆయనకి చెప్పేవా?"

"లేదు. అమ్ముకి పరీక్షలు కదా. మే నెలలో ఆ ఎంట్రన్సు ఒక్కటీ అయిపోతే వెళ్దామని... నొప్పి లేదు పిన్నీ. నొప్పి ఉంటే ఎప్పుడో వెళ్ళీదాన్ని."

జోగమ్మ కొట్టేలా చూసింది. అరుణ భయపడి, "సరే, రేపు వెళ్తాను," అంది.

జోగమ్మ టేపు చుట్టింది. అది మళ్ళీ ఒంట్లోంచి జారిపోయింది.

"నోటి మాటకి టేపు నిలవదే, అరుణా."

డ్యూటీలో రాజాబాబు ఫోను లాకర్లో ఉంటుంది. అర్జంటు పనికి కంట్రోల్ రూము నంబరొకటి ఇచ్చాడు గానీ, ఇరవయ్యేళ్ళలో అరుణ ఒక్కసారి కూడా దానికి చెయ్యలేదు. ఇప్పుడు చేసింది. వాళ్ళు అతన్ని క్రేను మీంచి దింపి పిలిపించారు.

"ఏటయ్యింది?" అన్నాడు రాజాబాబు, మిల్లు చప్పుడు మధ్య గట్టిగా.

చెప్పింది. టేపు సంగతీ చెప్పింది. అరగంటలో జోగమ్మ గేటు ముందు స్కూటరు ఆగింది. రాజాబాబు తల మీద మిల్లులో పెట్టుకునే పచ్చ హెల్మెట్టు అలాగే ఉంది.

"ఎక్కు," అన్నాడు. అంతే.

ఫోను చేస్తూ అరుణ మిషను మీద పెట్టిన గుడ్డ అక్కడే ఉండిపోయింది. మళ్ళీ కొలవమని అరుణ అడగలేదు. జోగమ్మ కూడా టేపు ముట్టుకోలేదు.

సూది పరీక్ష, స్కానింగులు పది రోజుల్లో అయిపోయాయి. క్యాన్సరని చెప్పిన డాక్టరమ్మ చిన్న వయసుదే. "ఇంకో రెండు నెలలు ఆగి వచ్చి ఉంటే నేను చెయ్యడానికేం మిగిలేది కాదు దీదీ. ఎందుకు ఆగారు?" అంది. రాజాబాబు అరుణ ముఖంలోకి ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

ఆపరేషను తేదీ, అమ్ము ఎంట్రన్సు తేదీ ఒకే వారంలో పడ్డాయి. ఆపరేషను ఒక్క వారం వెనక్కి జరుపుతారేమో అడుగుదామని అరుణ ఇంట్లో నసిగింది. చదువుతున్న పుస్తకం నేలకేసి కొట్టింది అమ్ము.

"పాగల్ హో క్యా మమ్మీ? నా ఎగ్జామ్ కోసం ఆరు నెలలు దాచావా? ఎగ్జామ్ వచ్చే సంవత్సరం కూడా ఉంటుంది. నువ్వు?"

అమ్ము గట్టిగా ఏడ్చింది.

తేదీ మారలేదు. ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. అమ్ము ఒక్కర్తే ఈ-రిక్షాలో వెళ్ళి పరీక్ష రాసొచ్చింది.

ఎనిమిదో రోజు పొద్దున్న జోగమ్మ వార్డుకి వచ్చింది. సంచిలోంచి గుడ్డ తీసింది, తర్వాత టేపు తీసింది. అరుణ దుప్పటి మెడ దాకా లాక్కుంది.

"వద్దు పిన్నీ. నాకు చూడాలని లేదు."

"నేను చూస్తాను," అంది అమ్ము, జోగమ్మ వైపు తిరిగి. "నానీ, ఆప్ నాపో. కొలవండి."

పక్క మంచాల వాళ్ళు కూడా ఇటు తిరిగారు. రాజాబాబు కిటికీ ఊచ పట్టుకున్నాడు. జోగమ్మ అరుణని మెల్లగా లేపి కూచోబెట్టి, కట్టు కదలకుండా టేపు వెనక నుంచి తెచ్చింది. అరుణ కళ్ళు మూసుకుంది.

టేపు ఆగింది. ఒంటికి బెత్తెడు దూరంలో, కనపడని మనిషినెవర్నో పట్టుకున్నట్టు గట్టిగా ఆగింది. ఎడమవైపు మాత్రం చదునుగా ఉంది.

జోగమ్మ చదివింది, నమ్మలేక కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. కిందికి జరిపి నడుం కొలిచింది.

"నలభై రెండు!" అని అరిచింది. "ఇప్పుడు ముప్పై రెండే కదే! ఏటి తింటావే పదేళ్ళూ?"

అరుణ కళ్ళు తెరిచింది. టేపుకీ తన ఒంటికీ మధ్యనున్న ఆ బెత్తెడు చోటులో చెయ్యి పెట్టి చూసుకుంది. అమ్ము మంచం పక్కన నేల మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా తల్లి పాదాలు పట్టుకుంది.

జోగమ్మ గుడ్డ విప్పి, జేనతో కొలిచి, తల అడ్డంగా ఊపింది.

"ఈ ముక్క చాలదు. రాజాబాబూ, ఇదే రంగు ఇంకో అర మీటరు కావాలి."

మూల నుంచి ఒక పీలిక కత్తిరించి అతని చేతిలో పెట్టింది. రాజాబాబు దాన్ని గుప్పిట్లో బిగించి, చెప్పులు మంచం కిందే వదిలేసి, మెట్లు దిగి బజారు వైపు పరుగెత్తాడు.