చివరన ఉన్న పేరు

తెలిసినవాళ్ళ దరఖాస్తు వస్తే గదిలోంచి లేచి పోవాలి. పరిశోధకుల ఉద్యోగాలు తేల్చే మా సంఘంలో అది రూలు. మంచి రూలే, కాదనను. కానీ ఒతీలియా బార్రాసా పని ఏమిటో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె పేరు చదవగానే నన్నే బయటికి పంపారు.

బ్యూనస్ ఐరెస్‌లో ఆ పాత భవనం తలుపులు పల్చన. మాతే కషాయం గిన్నె పట్టుకుని గోడకి ఆనుకున్నాను. లోపలి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

ఒతీలియా మా దేశానికి ఉత్తరాన సాంటియాగో రాష్ట్రం పల్లెల్లో బావుల వెంట తిరిగే మనిషి. అక్కడ భూమిలోనే ఆర్సెనిక్ విషం ఉంది. ఈ బావిలో ఉంటుంది, పక్క బావిలో ఉండదు. మరుసటి ఏడాదికి మళ్ళీ మారిపోతుంది. ఆమె రాళ్ళు చూస్తుంది, నీళ్ళు చూస్తుంది, ఆ విషానికి జనాల అరచేతుల్లో కాసే కాయలు చూస్తుంది, వంటింట్లో కూర్చుని ఎవరు ఏ నీళ్ళు తాగుతున్నారో అడుగుతుంది. ఏటా ఎండలు ముదరకముందే ఏ బావి తాగొచ్చో చెప్పేది ఆమే. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఆ నెలతో సరి. ఈసారి పర్మనెంటు కాకపోతే ఇక ఇంటికే.

ముందు వైద్యుల సంఘానికి పెట్టుకుంది. రోగులకన్నా రాళ్ళే ఎక్కువున్నాయని వాళ్ళు మా భూగర్భశాస్త్రం వాళ్ళమీదికి తోసేశారు.

"ఇందులో రాళ్ళెక్కడున్నాయయ్యా? అన్నీ అరచేతులేగా!" లోపల మా అధ్యక్షుడు ఎచెవెర్రి గొంతు.

"పెద్ద వ్యాసం ఒకటుంది కదండీ, వైద్య పత్రికలో?" ఇంకెవరో.

"చూశాలే. పేర్ల వరసలో అట్టడుగున ఉంది. సీసాలు మోసుంటుంది పాపం."

నవ్వులు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మాలో పని చేసినవాళ్ళ పేరు ముందు, సాయం పట్టినవాళ్ళది చివర. వైద్యుల్లో అలా కాదు, పని మొత్తం నడిపించిన పెద్ద పేరే చివర వేస్తారు. ఆ వ్యాసం ఆమెదే! తలుపు తోసుకుని వెళ్ళాను.

"అది డాక్టర్ల పత్రికండీ! వాళ్ళలో చివరి పేరంటే..."

"ఇర్మా గారూ!" ఎచెవెర్రి చెయ్యెత్తాడు. "ఇంకో ముక్క మాట్లాడారంటే ఆవిడ దరఖాస్తే రద్దు. తెలుసుగా?"

వెనక్కొచ్చి తలుపు వేశాను.

"మానవశాస్త్రం వాళ్ళకి పంపుదామా?"

"గడువైపోయిందయ్యా. వద్దని రాసెయ్. తర్వాతది తియ్యి. ఇర్మా గారిని లోపలికి పిలవండి, పాపం నిలబడే ఉంది."

ఆ సాయంత్రం ఫోన్ చేశాను.

"ఏమన్నారే?" అంది ఒతీలియా.

"వద్దన్నారు. నీ పేరు చివరన ఉందట."

"మరి బావులో?" అంది.

తర్వాత కోర్దొబాలో సీసా నీళ్ళు అమ్మే కంపెనీలో చేరింది. అక్కడ సెలవు దొరకదు. ఎండలు మొదలయ్యే వేళకి ఆమె ఏటా తిరిగే పల్లెల్లో ఒకదానికి నేనే వెళ్ళాను. ముసలి ఎవ్లోహియా వాకిట్లోనే ఎదురొచ్చింది.

"మా పిల్ల రాలేదేం?"

"ఉద్యోగం పోయిందమ్మా."

"అయ్యో తల్లీ! నీదీ ఆ చదువేగా? ఈ ఏడు ఏ బావి తాగమంటావో చెప్పు."

"నాకు రాళ్ళే తెలుసమ్మా. నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయిస్తాను. కబురు రావడానికి నెల పడుతుంది."

ఆమె కాయలు కాసిన అరచేతులు కొంగుకి తుడుచుకుంది. పెరట్లో కోడలు అప్పటికే బొక్కెన వేసింది. నిరుడు ఒతీలియా మూత వేయించిన బావి అది.

"అందాకా?" అంది ఎవ్లోహియా.