అడగడానికి భయపడ్డ మాట

కొత్త కమ్మలను ఎవరైనా పక్కింటి పిల్లకు ఊరికే ఇచ్చేస్తారా, అదీ తనకు వాళ్లమ్మ కొనిపెట్టినవి, ఇగ నాకెందుకు చిన్నమ్మా అంది నవనీత, ఎంత మామూలుగా అంది, నేను జాకెట్టు కుడుతూ సరే తియ్ అన్నాను, మిషన్ మీద కాలు కూడా ఆపలేదు, ఇగ నాకెందుకు అంటే ఏమిటి, పదహారేళ్ల పిల్లకు కమ్మలు ఎందుకు అక్కర్లేదు, వానాకాలంలో మా అక్క ప్రేమలత జ్వరంతో పోయింది, బావ సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేయడానికి పోతే పిల్ల ఇంట్లో ఒక్కతే అవుతుందని కోరుట్లకు నేనే తీసుకొచ్చాను, సాంచాల చప్పుడు లేకుంటే నిద్ర పడతలేదు చిన్నమ్మా అంది మొదట్లో, అలవాటైతది తియ్ అన్నాను, అమ్మ కలలకొచ్చింది అంటే ముందు బువ్వ తిను అన్నాను, ఏడిస్తే ధైర్యంగ ఉండాలె బిడ్డా అన్నాను, తర్వాత అది ఏడవడమే మానేసింది, కోలుకుందని సంతోషపడ్డాను, ఎంత గుడ్డిదాన్ని.

మిషన్ ఆపి లోపలికి పోయాను, నవనీత గోడకు ఆనుకుని ఉంది, పక్కన కూర్చున్నాను, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమో, అడగకపోతే, అడగకపోతే ఏమవుతుందో, చచ్చిపోవాల్నని అనిపిస్తుందా బిడ్డా, అనేశాను, ఎన్నాళ్లకో నా కళ్లలోకి చూసింది, అనిపిస్తుంది చిన్నమ్మా, అమ్మ తానకే పోవాల్నని, నీకు చెప్తె బాధపడ్తవని చెప్పలే, తిట్టాలనిపించింది, ఒట్టు పెట్టించుకోవాలనిపించింది, ఏదీ చెయ్యలేదు, చెప్పు, నేనింటున్న అన్నాను, జ్వరంలో అమ్మ పిలిస్తే ఫోన్ చూసుకుంటూ పలకలేదట, ఆ ఒక్కటీ ఎవరికీ చెప్పుకోలేక ఇన్నాళ్లూ మోసింది, నీ తప్పు లేదు బిడ్డా అంటూ దగ్గరకు తీసుకున్నాను, ఎంత చిక్కిపోయింది పిల్ల, ఇన్నాళ్లూ తింటుందో లేదో కూడా చూసుకోలేదు.

పక్కనుంచి లేవకుండానే బావకు ఫోన్ చేశాను, వస్తున్న, నా బిడ్డను ఒక్కదాన్ని ఇడువకు సుమలతా అన్నాడు, నేరుగా జగిత్యాలకే రమ్మన్నాను, అక్కడ మనసుకు చూసే డాక్టరు ఉన్నారు, ఈ పొద్దే పోదాం అంటే నాకేమన్న పిచ్చా చిన్నమ్మా అంది, జ్వరమొస్తే పోమా, గిదీ గట్లనే అన్నాను, బస్సులో నా భుజం మీద తల పెట్టి, చిన్నప్పుడు అమ్మ ఎట్లుండె అని అడిగింది, చెప్పబోయి ఏడ్చేశాను, అక్క పోయాక మొదటిసారి, అందరూ చూస్తుండగానే, నన్ను పట్టుకుని అదీ ఏడ్చింది, అప్పుడు అర్థమైంది, ధైర్యం ధైర్యం అంటూ ఇన్నాళ్లూ నేను కాపాడుకున్నది పిల్లను కాదు, నా ఏడుపును.