తల దించు

రియాద్‌లో ఏసీ మెకానిక్ అయిన నా మొగుడు ఫారూఖ్, పెళ్ళయిన ఇన్నేళ్ళకు నన్ను హాలెండ్ తీసుకుపోయాడు. అక్కడ అద్దెకు తీసుకున్నది మా అత్త వయసున్న ఇనుప పడవ. నేను కాలవ గట్లు చూసి మురిసిపోతుంటే, ఆయన ఇంజను మూత తెరిచి మురిసిపోయేవాడు. ఎంత కోపం వచ్చేదో!

ఆ కాలవల మీద వంతెనలు మరీ కిందికుంటాయి. నిలబడి పడవ నడుపుతూ, ప్రతి వంతెన దగ్గరా "తల దించు మే!" అని అరిచేవాడు. పొట్టిదాన్ని, నాకేం తగులుతుంది? తాడిచెట్టంత మనిషి, నాకు చెప్పి తను వంగేసరికి ఆలస్యమయ్యేది. మొదటిరోజే నుదురు బొప్పి కట్టింది.

"ముందు నీ తల చూసుకో!" అని తిట్టాను. అప్పటినుంచీ అరవడం నా వంతయింది.

తిరిగొచ్చాక కూడా, రియాద్‌లో ఏ ఫ్లైఓవర్ కిందికి కారు పోయినా నేను అరిచేదాన్ని. ఆయన నవ్వుతూ వంగేవాడు.

పోయిన నెల సైట్లో క్రేన్‌కు వేలాడుతున్న ఇనుప దూలం ఊగి ఆయన తలకు తగిలింది. హెల్మెట్ ఆపలేకపోయింది. అరవడానికి అక్కడ నేను లేను.

ఈరోజు ఆయన్ను ఈ ఇసుకలోనే వదిలి, మళ్ళీ తిరిగి రాని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద కడపకు పోతున్నాను. మరిది సుభాన్ ఎయిర్‌పోర్టుకు కారు నడుపుతున్నాడు. వాళ్ళన్న అంత పొడుగు. ఫ్లైఓవర్ కనబడగానే నా నోరు ఆగలేదు.

"తల దించు!"

"ఏమైంది వదినా?"

ఏమీ అర్థం కాకపోయినా సుభాన్ తల దించాడు. అచ్చం వాళ్ళన్నలాగే, ఆలస్యంగా.