మూడో నంబరు

"ఇది మళ్లీ నవ్వుతోందిరా, నాకు భయంగా ఉంది," అన్నాను పొద్దున్నే ఫోనులో తమ్ముడు పోలరాజుతో. "మూడో నంబరు ఎగరేశాను. నువ్వు బయలుదేరు."

నేనూ తమ్ముడూ పుట్టి పెరిగింది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున. తుఫాను వచ్చే ముందు పోర్టులో హెచ్చరికగా నంబరు ఎగరేస్తారు. నంబరు పెరిగితే పడవలు కదలవు. నా కూతురు సంయుక్తకు బైపోలార్ అని డాక్టరు చెప్పినప్పటి నుంచి దాని సంగతి మేమిద్దరం ఈ నంబర్లతోనే మాట్లాడుకునేవాళ్లం. రెండేళ్ల క్రితం అది మూడు రోజులు కంటికి కునుకు లేకుండా నవ్వుతూ, పాడుతూ, తన బట్టలన్నీ వీధిలో పంచేసింది. తర్వాత రెండు నెలలు మంచం దిగలేదు. అందుకే నాకు దాని ఏడుపు కన్నా నవ్వంటే భయం.

ఈ మధ్యే అది బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులో కొత్తగా పనిలో చేరింది. పోలరాజు తిన్నగా అక్కడికే పోయి, అందరి ముందూ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు చూసి, "మందులు వేసుకుంటోంది, నిద్రపోతోంది. సంతోషంగా ఉంది, అంతేనండీ," అన్నారు.

సంయుక్త ఆ షాపుకు మళ్లీ పోలేదు. నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. "ఉప్పు కషాయం చేశావేంటమ్మా," అని వెక్కిరించే ఆ గొంతు కోసం కూరలో కావాలనే రెండుసార్లు ఉప్పు ఎక్కువేశాను. మంచినీళ్లు తాగి లేచిపోయింది.

సంయుక్త వెళ్లే కౌన్సిలింగుకు ఈసారి నన్నూ రమ్మన్నారు. కౌన్సిలర్ జ్ఞానేశ్వరి గారు అంతా విని అడిగారు.

"నంబరు ఎగరేసే ముందు పోర్టువాళ్లు గాలినీ సముద్రాన్నీ చూస్తారు కదండీ. మీరేం చూశారు?"

"నవ్వునండీ."

"నిద్ర?"

"చూడలేదండీ."

"నిద్ర తగ్గిందా, మాట వేగం పెరిగిందా, అవి చూడండి. మిగతాది అమ్మాయినే అడగండి. నవ్వినప్పుడల్లా జబ్బు కాదు."

సంయుక్త కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. భుజానికి భుజం తగులుతూనే ఉంది. మా ఇల్లున్న వన్ టౌన్‌లో స్టాపు దగ్గర పడుతుంటే అడిగాను.

"ఇవాళ ఎన్నో నంబరే? నువ్వే చెప్పు."

బస్సు ఆగింది. దిగాం. నాలుగు అంగళ్లు దాటాం. నేను ఆశ వదిలేసుకుని తాళం చెవి కోసం సంచిలో వెతుక్కుంటున్నాను.

"ఒకటి," అంది. "కొంచెం దిగులుగా ఉంది. పడవలు పోవచ్చులే. ఉప్పు మాత్రం తగ్గించు."