నామెన్ పాతిన కొమ్మలు

నా మొగుడు నామెన్ నవంబరులో పోయాడు. ఆ చలికాలమే కాలువ కూడా పక్కకి జరిగింది. రెండూ నన్నడిగి జరగలేదు.

మా దీవి మీద ఉన్నది ఒకటే ఇల్లు. ఆటుకి సముద్రం నీళ్ళు వెనక్కి పోతే చుట్టూ బురదే, మధ్యలో సన్నటి కాలువ. పడవ ఆ లోతులోనే రావాలి. అందుకే ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు, ఏటా ఏప్రిల్‌లో, కాలువ ఒడ్డున బిర్చ్ చెట్టు కొమ్మలు వరసగా పాతేవాడు. సముద్రం నుంచి వచ్చేవాళ్ళు ఆ వరసని ఎడమచేతికి ఉంచుకుంటే చాలు. నీళ్ళ మీద తేలే రంగు బోయాలు పెద్ద దారికి సర్కారు వేస్తుంది. ఒక్క ఇంటి కోసం ఎవరు వేస్తారు?

ఈ ఏడాది నేనే పాతాను. గెడతో లోతు చూస్తే కాలువ తూర్పుకి రెండు వందల అడుగులు జరిగింది. ఇరవై రెండు కొమ్మలు కొత్తగా వేశాను. పాత వరసలో ఆయన పాతినవి తొమ్మిది ఇంకా నిలబడి ఉన్నాయి. పీకెయ్యాలి. పీకలేదు. పొద్దున్నే కిటికీ తీసి వాటితోనే మాట్లాడేదాన్ని. ఇంట్లో ఇంకెవరున్నారు? పిచ్చి అనుకుంటే అనుకోండి.

బుధవారం బుధవారం టపా పడవ నడుపుకొచ్చే ఇంగ్వర్ ఊరుకోలేదు.

"అక్కా, రెండు వరసలేంటి? ఒక ఒరలో రెండు కత్తులా?"

"ఏది కొత్తదో నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. తెలీనోళ్ళొస్తే?"

"ఈ కొంపకి నువ్వు తప్ప ఎవడొస్తాడు? ఉత్తరాలిచ్చి బయల్దేరు, నీతులు చెప్పకు."

"నీ నోటికో దండం తల్లీ," అని వెళ్ళిపోయాడు.

మరుసటి బుధవారం పొగమంచు కమ్మింది. పడవ హారన్ ఆగకుండా మోగుతుంటే బురదలోకి పరిగెత్తాను. పాత వరస పక్కన పడవ బురదలో దిగబడి ఒరిగిపోయి ఉంది. అందులో ఇంగ్వర్ భార్య టాల్కె, నుదురు చిట్లి రక్తం కారుతూ.

"ఆయనకి జ్వరం వదినా, నేనొచ్చా. కొమ్మలు ఎడమచేతికే ఉంచుకున్నా. ఎక్కడ తప్పానో ఏమో."

సిగ్గుతో చచ్చిపోయాను. "నువ్వెక్కడా తప్పలేదు. తప్పంతా నాదే," అన్నాను. తలకి కట్టు కట్టి, పడవ అంచున కూర్చోబెట్టి, పీకడం మొదలుపెట్టాను. మళ్ళీ నీళ్ళు రావడానికి ఆరు గంటలుంది.

"నేనూ ఓ చెయ్యి వెయ్యనా?"

"వద్దు."

ఒక్కొక్కటీ పట్టుకుని ఊపి ఊపి లాగితే గాని రాలేదు. ఏడుస్తూనే పీకాను. తొమ్మిదోది నిలబెట్టి చూస్తే బురద మరక నా నడుము దాకా వచ్చింది. నేను పాతినవి మోకాలి లోతు. ఒక్క గాలివానకి కొట్టుకుపోతాయి.

"ఇంత లోతు దింపాలని అన్నయ్య చెప్పలేదా వదినా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆయన వెంట బురదలోకి రాలేదు. చలికి ఇంట్లో కూర్చుని, ఆలస్యమైతే తిట్టేదాన్ని. ఆయన ఒక్కడే ఇక్కడ నిలబడి, ఒక్కొక్కటీ ఇంత లోతుకి దింపాడు.

"నేను అడగలేదు," అన్నాను.

పడవలోని గెడ తీసుకుని, మళ్ళీ లోతుగా పాతడానికి కొత్త వరసలో మొదటి కొమ్మ దగ్గరికి నడిచాను.