నీడలో పెట్టిన కారు

ఊళ్లో అందరి కార్లకూ మందు తెలిసిన మెకానిక్కుకు, సొంత వదిన కారు రోగం మాత్రం అంతు చిక్కలేదు.

ఇరవై రెండేళ్ల పాత కారది. ఇరవై రోజులు బుద్ధిగా తిరుగుతుంది. ఇరవయ్యొకటో నాడు తాళం తిప్పితే గిర్రుమని సెల్ఫ్ తిరుగుతుందే తప్ప ఇంజను అందుకోదు. వెంటనే అతనికి ఫోను వస్తుంది. ఒక గంటలో సంచీ పట్టుకుని దిగుతాడు. వదిన పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, కారులో కూర్చుని తాళం తిప్పుతాడు. ఏమీ ఎరగనట్టు కారు స్టార్టవుతుంది.

"నువ్వంటే దానికి భయం. నీ మొహం చూస్తే చాలు, రోగం పారిపోతుంది," అనేది వదిన.

భయమో భక్తో గానీ, ఆరు నెలల్లో ఎనిమిదిసార్లు అతని చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది. పెట్రోలు అందడం లేదని మాత్రం అతనికి గట్టి అనుమానం. ఫిల్టరు మార్చాడు. ట్యాంకు దింపి కడిగాడు. చివరికి నిక్షేపంలాంటి పంపు తీసేసి కొత్తది బిగించాడు. అయినా ఎక్కడి రోగం అక్కడే ఉంది.

మామూలు కారైతే అతనికింత బాధ ఉండేది కాదు. పద్నాలుగేళ్లుగా వదిన ఆ కారులోనే ఆడవాళ్లకు డ్రైవింగు నేర్పుతోంది. పక్క సీటు కింద ఆమె కాలికి అందేలా ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చు బిగించి ఉంటాయి. ఆమె చేతికింద రెండువందల మందికి పైగా లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ కారు పోతే మరో కారు కొని, దానికి మళ్లీ ఈ ఏర్పాట్లన్నీ చేయించడం అయ్యే పని కాదని ఇంట్లో అందరికీ తెలుసు. కారు పోయిందంటే పాఠాలూ పోయినట్టే.

చివరికి ఆ గండమూ ముంచుకొచ్చింది. ఇప్పుడు నేర్చుకుంటున్న దర్జీ ఆవిడ ఒక కొట్టు ముందు కారాపి దారం ఉండలు కొనుక్కుని వచ్చేసరికి, కారు మొండికేసింది. వెనక లోడు లారీ. లారీవాడు హారను మోగించి మోగించి ఆవిణ్ని ఏడిపించాడు. ఆ సంగతి తెలిసి అన్నయ్య ఒక్కటే మాటన్నాడు. "ఇక చాలు. రేపు ఐదింటికి పాత కార్లు కొనేవాణ్ణి వెంటబెట్టుకొస్తా."

వదిన "సరే" అంది. మెకానిక్కుకు నిద్ర పట్టకుండా చేసింది ఆ సరే. వాదించకుండా ఊరుకున్న వదినను అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మర్నాడు పన్నెండింటికి ఆమె ఫోను చేసింది. "మళ్లీ స్టార్టవడం లేదు. ఆఖరుసారి చూద్దువు గాని రా. భోజనం ఇక్కడే."

గంటలో వస్తానన్నాడు అలవాటు చొప్పున. తీరా చూస్తే, తను అప్పుడున్నది వాళ్ల పక్క వీధిలోనే. చేతిలో పని అప్పటికే అయిపోయింది. ఐదు నిమిషాల్లో గేటు ముందు దిగాడు.

దిగి, అక్కడే నిలబడిపోయాడు. వదిన చీరచెంగు నడుముకి దోపుకుని, దర్జీ ఆవిడతో కలిసి కారును ఇంటిపక్క రేకుల షెడ్డు నీడలోకి తోస్తోంది. నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీద తడిగుడ్డ పరిచి ఉంది.

"ఏం చేస్తున్నారు వదినా?"

"అప్పుడే వచ్చేశావే! నీకోసమేలే. ఎండలో పెట్టిన కారు, లోపల పొయ్యిలా ఉంది. నువ్వందులో కూర్చుని ఉడికిపోతావా? నీకు ఫోను చేయగానే నీడలోకి తోసి, తలుపులు తీసి చల్లబరుస్తాం."

"ఈ రోజేనా, ఎప్పుడూనా?"

"ఎప్పుడూనే. నీకు తిండి పెట్టకుండా ఏనాడైనా కారు ముట్టుకోనిచ్చానా?"

సంచీ అతని చేతిలోంచి జారి కింద పడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో దొంగ వదిన చేసే మర్యాదే. అది రోగాన్ని దాచిపెట్టి, ఎనిమిదిసార్లు అతనికి చల్లబడిన కారును చూపించింది. చల్లబడ్డాక స్టార్టవుతోందంటే, వేడికి ఏదో తెగుతోందన్న మాట.

"వదినా, నీకో దణ్ణం. కారు వెనక్కి తొయ్యండి, ఎండలోకి. అద్దాలు కూడా ఎత్తెయ్యండి."

"పిచ్చి గానీ పట్టిందా? ముందు భోంచెయ్యి."

"భోజనం వద్దు."

వదిన మొహం చిన్నబోయింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక మరిది నోట ఆ మాట వినడం ఇదే మొదలు. అయినా వెళ్లి బంపరు మీద చెయ్యి వేసింది.

అరగంట కారు ఎండలో మాడింది. దర్జీ ఆవిణ్ని తాళం తిప్పమని, అతను వెనక సీటుకు చెవి ఆనించాడు. తాళం తిప్పగానే సీటు కింద పంపు రెండు క్షణాలు తుమ్మెదలా రొద చేయాలి. చప్పుడు లేదు. మళ్లీ తిప్పించాడు. అప్పుడూ లేదు. అతనికి ఎగిరి గంతేయాలనిపించింది.

పంపుకు వచ్చే తీగకు చిన్న బల్బు తగిలించి చూశాడు. వెలగలేదు. అంటే పంపు నిర్దోషి, దానికి కరెంటే రావడం లేదు. పాపం, పాత పంపును ఊరికే పీకేసినందుకు సిగ్గేసింది. ఆ కరెంటు డ్యాష్‌బోర్డు కింద స్విచ్చులా పనిచేసే అగ్గిపెట్టెంత రిలే డబ్బాలోంచి రావాలి. వేలు పెడితే చుర్రుమంది. దాన్ని ఊడదీసి, చన్నీళ్ల సీసాకు ఆనించి, చల్లబడ్డాక మళ్లీ పెట్టాడు. తాళం తిప్పగానే సీటు కింద రొద మొదలైంది. ఇంజను అందుకుంది. దర్జీ ఆవిడ చప్పట్లు కొట్టింది.

డబ్బా మూత బ్లేడుతో విప్పి, భూతద్దం పెట్టి చూశాడు. ఒక టంకం చుక్క చుట్టూ వెంట్రుకంత బీట. వేడికి విడిపోతోంది, చల్లబడితే అతుక్కుంటోంది. ట్యాంకు దింపీ, పంపు మార్చీ అతను తవ్వింది కొండే, దొరికింది మాత్రం ఎలుక. ఇంటి కిటికీలోంచి కరెంటు వైరు లాగి, టంకం కరిగించి, ఆ బీట పూడ్చి, డబ్బాను మళ్లీ బిగించాడు.

"అయిపోయిందా?" అంది వదిన.

"మూడుసార్లు మాడ్చి చూస్తేగాని నమ్మను."

అతను కారు దిగనన్నాడు. ఆమె కంచం తెచ్చి అతని ఒళ్లో పెట్టి, పక్క సీటులో కూర్చుని తలుపు వేసుకుంది. అద్దాలు ఎత్తిన కారులో అతను చెమటలు కక్కుతూ తిన్నాడు. ఆమె చెంగుతో మెడ తుడుచుకుంటూ, కాలికింది బ్రేకును ఊరికే నొక్కుతూ కూర్చుంది.

"నిన్న నేను వాదించలేదని ఆశ్చర్యపోయావు కదూ," అంది. "నోరు తెరిస్తే ఏడుపొచ్చేస్తుందని ఊరుకున్నా. నేను గట్టిగా చేయగలిగిన పని ఇదొక్కటే అబ్బాయ్."

అతను కంచం పక్కన పెట్టాడు. చేయి చాచి తాళం తిప్పాడు. కారు స్టార్టయింది. అరగంటకోసారి మాడ్చి మరో రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ అయింది.

"మేడమ్, మరి నా పాఠం?" అంది దర్జీ ఆవిడ. నిన్నటి ఏడుపు ఎటుపోయిందో, మెకానిక్కు దిగీ దిగకముందే సీటెక్కేసింది.

ఐదింటికి అన్నయ్య పాత కార్లు కొనేవాడితో వచ్చేసరికి, మెట్టు మీద మెకానిక్కు ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు.

"కారేదిరా?"

"పాఠానికి వెళ్లింది."

"ఎవరు తోసుకెళ్లారు?"

"ఎవరూ తోయలేదు అన్నయ్యా. దానంతటదే వెళ్లింది. టంకం ఊడింది, అతికించాను."

అన్నయ్య నమ్మీ నమ్మనట్టు చూశాడు. అంతలో వీధి మలుపులో కారు కనిపించింది. దర్జీ ఆవిడ నడుపుతోంది, పక్కన వదిన. ఇంటి ముందు ఆగుతుందనుకుని కొనేవాడు రెండడుగులు ముందుకు వేశాడు. వదిన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తప్పుకోమన్నట్టు ఊపింది. కారు ఆగకుండా ఇంకో చుట్టుకు వెళ్లిపోయింది.

"మీకు శ్రమ ఇచ్చాను, టీ తాగి వెళ్లండి," అన్నాడు అన్నయ్య ఆ మనిషితో. ఓడిపోయానని మాత్రం అనలేదు. వెళ్లి, కారు లోపలికి రావడానికి గేటు రెండు రెక్కలూ తీసిపెట్టి, అక్కడే నిలబడ్డాడు.